మ్యాన్‌హోల్ దగ్గర తీసిన వీడియో

ప్రశ్న: మా వీధిలో ఒక కార్మికుణ్ణి మాస్కు, తాడు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి దింపుతుంటే ఫోన్‌లో వీడియో తీశాను. వాట్సాప్‌లో అందరికీ పంపితే న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, అంబర్‌పేట, హైదరాబాదు

జవాబు: అమ్మా, అందరూ చూసినంత మాత్రాన న్యాయం జరగదు. 1991లో లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసులు కొట్టిన వీడియోను ప్రపంచమంతా చూసింది. అయినా మరుసటి ఏడాది రాష్ట్ర కోర్టులో ఒక్కరికీ శిక్ష పడలేదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోయి, ఎప్పుడు, ఏ ఫోన్‌తో తీశారో చెప్పే వివరాలను చాలావరకు కోల్పోతుంది. అందుకే అసలు ఫైలును కత్తిరించకుండా ఫోన్‌లోనే ఉంచి, నకలును పెన్‌డ్రైవ్‌లో దాచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, అటువంటి నకలును కోర్టుకు సమర్పించేటప్పుడు హ్యాష్ విలువతో (ఫైలులో మార్పు జరిగితే మారిపోయే, ఆ ఫైలు నుంచే కంప్యూటర్ లెక్కగట్టే గుర్తింపు సంకేతంతో) కూడిన ధ్రువపత్రం జతచేయాలి.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం; 2025 జనవరిలో సుప్రీంకోర్టు హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో ఆ పని చేయించడాన్ని నిషేధించింది. కనుక దింపినవారు, వాహనం నంబరు, పక్కనున్న దుకాణం బోర్డు మీ వీడియోలో కనిపిస్తున్నాయేమో చూసి, తేదీ, సమయం, స్థలం రాసి పోలీసులకు, కలెక్టరుకు ఫిర్యాదు చేయండి.

అంతకంటే ముందు ఆ కార్మికుణ్ణి కలిసి మాట్లాడండి. రేపు కూలి పోయేది ఆయనకే. ఆయన వద్దంటే, బయటికిచ్చే నకలులో ముఖం, గొంతు గుర్తుపట్టలేకుండా చేయించండి.