బ్రష్‌తో స్కేల్ మోడల్‌కి రంగు వేస్తే నలకలు పడకుండా నున్నగా రావాలంటే ఏం చేయాలి?

ఫ్యాన్ ఆపండి, కిటికీలు మూయండి, నేల తడిపి కూర్చోండి అని ఈపాటికి మీకు చాలామంది చెప్పే ఉంటారు. అవన్నీ చేసి చెమటలు కక్కినవాణ్ణే నేనూ. నా లెక్కలో పదింట తొమ్మిది నలకలు గదిలోంచి రావు, మీ రంగు డబ్బాలోంచే వస్తాయి. ఈ లెక్క ఎవరు తీశారని అడక్కండి, నేనే తీశాను.

మాది విజయవాడ. ఒక మే నెలలో 1/72 స్కేలు, అంటే అసలు దానిలో 72వ వంతు ఉండే నాట్ విమానం కిట్టు మొదలుపెట్టాను. పాకిస్తాన్ సేబర్ విమానాల్ని కూల్చిందని మనవాళ్లు సేబర్ స్లేయర్ అని చెప్పుకునే నాట్ యుద్ధవిమానానికి రెండు సీట్ల తమ్ముడు. బ్రిటన్ రెడ్ యారోస్ జట్టు 1965 నుంచి 1979 దాకా విన్యాసాలు చేసింది దీనితోనే. ఒళ్లంతా నిగనిగలాడే ఎరుపు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి పది సెంటీమీటర్లు. అంత బుల్లి దాని మీద నలక పడితే చిన్న విషయం కాదండీ. ఒక్క మిల్లీమీటరు నలకని 72తో హెచ్చవేసి చూడండి, అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్ల బొడిపె!

మొదటి పూత వేసి పడుకున్నాను. పొద్దున్న చూస్తే కుడి రెక్క మీద మూడు నలకలు. ఆరాక రుద్ది మళ్లీ వేశాను, ఈసారి అయిదు. ఇక ఫ్యాన్ మీద పడ్డాను. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, ఫ్యాన్ ఆపి, తలుపు మూసి, బనీను కూడా విప్పి కూర్చున్నాను. అమ్మ తలుపు తీసి చూసి, "గాలి తగిలితేనే కదరా రంగు ఆరేది, గాలాపి ఆరబెడతాడట! ముందు నువ్వు ఆరిపోతావు" అని వెళ్లిపోయింది. మూడోసారీ పడ్డాయి. ఆ రోజు శుక్రవారం, ఇంట్లో సాంబ్రాణి వేసింది, ఇంకేముంది, నేరం అమ్మ మీద వేసేశాను.

ఆ రాత్రి కోపం కొద్దీ ఒక నలకని బ్లేడు మొనతో లేపి టేబుల్ లైటు కింద పెట్టి కోశాను. దుమ్మయితే లోపల బూడిద రంగు కనపడాలి, గుడ్డ పీచయితే తెల్లగా ఉండాలి. ఇది లోపలా ఎరుపే. పల్చటి అట్టు ముక్కలా ఉంది. డబ్బా తీసి చూద్దును కదా, 14 మిల్లీలీటర్ల బుల్లి ఎనామిల్ (నూనె రంగు) డబ్బా, మూత కూర్చునే గాడి నిండా ఎండిన ఎరుపు చెక్కులు. మూత నొక్కినప్పుడల్లా నలుగుతున్నాయి, తెరిచినప్పుడల్లా లోపలికి రాలుతున్నాయి. నేనేమో బ్రష్‌ని నేరుగా అందులోనే ముంచుతున్నాను. అమ్మకి సారీ చెప్పలేదు గానీ, లేచి ఫ్యాన్ వేశాను.

అప్పటినుంచి డబ్బాలో బ్రష్ పెట్టడం మానేశాను. పుల్లతో అడుగు నుంచి నెమ్మదిగా కలుపుతాను (ఊపితే బుడగలొస్తాయి, అవి ఆరి ఇంకోరకం నలకలవుతాయి). పల్చటి పాత నైలాన్ సాక్సు ముక్కలోంచి కావలసినంత చిన్న గిన్నెలోకి వడకట్టి, రెండు మూడు చుక్కల థిన్నర్ వేస్తాను. మూత పెట్టేముందు గాడిని థిన్నర్ గుడ్డతో తుడుస్తాను. బ్రష్‌నీ అనుమానించండి. లోహపు పట్టీ దగ్గర వెంట్రుకల మొదట్లో పాత రంగు గట్టిపడి ఉంటుంది, అది మధ్యలో పొడిగా రాలుతుంది. అలాంటి బ్రష్‌ని జిగురు పనికి పంపించేయండి. కొత్త బ్రష్‌నయితే సెల్లో టేపు మీద నాలుగుసార్లు ఒత్తితే ఊడే వెంట్రుకలు ముందే ఊడిపోతాయి.

మిగిలిన ఆ ఒక్క వంతు దుమ్ము సంగతి. మోడల్‌ని పొడిగుడ్డతో రుద్దకండి. చిన్నప్పుడు స్కేలు తలకి రుద్ది కాగితం ముక్కలు లాగేవాళ్లం చూడండి, అదే పని మీ రెక్క చేస్తుంది, గదిలో దుమ్మంతా పిలుచుకుంటుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరనివ్వండి. రంగు వేయగానే ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి, లోపల తడిగుడ్డతో తుడిచి. అట్టపెట్టె వద్దు, దానికే పీచు రాలుతుంది. అయినా ఒకటి పడిందా, తడి మీద వేలు పెట్టొద్దు. నాలుగు రోజులు ఆగి, ఎనామిల్ గట్టిపడ్డాక 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి రెండు నిమిషాలు రుద్ది, పల్చగా ఇంకో పూత వేయండి.

టామియా కంపెనీ యాక్రిలిక్ రంగు వాడేవాళ్ల కథ వేరు. దానికి ఆల్కహాల్ ఆధారం. మొదటి పూత మీద రెండోసారి బ్రష్ తిప్పితే కింది పూత కరిగి ఉండలు కడుతుంది, దాన్ని దుమ్మనుకుని పాపం ఇల్లంతా ఊడుస్తుంటారు. ఒక్క వాటు వేసి వదిలేయాలి. అది నావల్ల కాదు, అందుకే ఎనామిల్ వదల్లేదు.

ఇక "ఎయిర్ బ్రష్ కొనుక్కో" అనే మహానుభావులున్నారు, గాలితో రంగు చిమ్మే పరికరమన్నమాట. ఇలా అడిగిన ప్రతివాడికీ అదే జవాబు. పెన్ను రాయట్లేదంటే టైప్ మిషన్ కొనమన్నట్టు! వడకట్టని రంగు పోస్తే ఆ నాజిల్ మాత్రం మూసుకుపోదా? దానికి గాలి అందించే కంప్రెసర్ మోతకి పక్క ఫ్లాట్ వాళ్లు వస్తే వీళ్లు సమాధానం చెప్తారా?

నా నాట్ ఇప్పుడు టీవీ పక్కన ఉంది. తోక కింద ఒక నలక ఉండిపోయింది, తెలిసినవాడికి తప్ప కనపడదు. రోజూ పొద్దున్నే అమ్మ దాన్ని టర్కీ తువ్వాలుతో, పొడిగా, గట్టిగా తుడుస్తుంది. స్కేలు, కాగితం ముక్కల కథ రెండుసార్లు చెప్పి చూశాను. "దుమ్ము పడితే తుడవొద్దంటాడేంటి వీడు" అంటుంది.