చంద్రతాల్‌కు బయలుదేరే ముందు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి సాహితికి పెదనాన్న ఆశీస్సులు.

డిగ్రీ ప్రాజెక్టు కోసం సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని చంద్రతాల్ సరస్సుకు వెళ్తున్నానని, అక్కడ ఏమేం గమనించాలో రాయమని అడిగావు. ఏళ్ల తరబడి భూగోళం పాఠాలు చెప్పినా, ఆ సరస్సు దగ్గరికి వెళ్లి కూడా దాన్ని సరిగా చూడలేకపోయిన వాణ్ణి నేను. కనుక నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు, చంద్రతాల్ ఎత్తు సుమారు 4,250 మీటర్లు. ఆ తేడాను తెల్లవారుజామున జీపెక్కి ఒక్క రోజులోనే దాటేశాను. రాత్రికి వాంతులు పట్టుకున్నాయి. మర్నాడు ఒడ్డున గంటసేపు తల పట్టుకుని కూర్చుని, నోటుపుస్తకం తెరవకుండానే వెనుదిరిగాను. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీరు నిండుగా నిలిచినప్పుడు దాని మట్టం సముద్రానికి 57 అడుగులు. మన ఊపిరితిత్తులు అలవాటు పడింది ఇంచుమించు ఆ ఎత్తుకు. చంద్రతాల్ దగ్గర, అంటే దాదాపు 14,000 అడుగుల ఎత్తున, గాలి పీడనం మన దగ్గర ఉన్నదానిలో అరవై శాతమే ఉంటుంది. అందుకని నువ్వు మనాలి దారిన కాక సిమ్లా, కిన్నౌర్, టాబో, కాజాల మీదుగా, ప్రతిచోటా ఒకటి రెండు రాత్రులు నిద్ర చేస్తూ వెళ్లు. పైకి వెళ్లాక తలనొప్పి తగ్గకుండా ముదురుతుంటే మాత్రలు మింగుతూ కూర్చోవద్దు, వెంటనే కిందికి దిగిపో.

ఆ దారిలో ఇంకో లాభం ఉంది. కాజా దాటాక సుమారు 4,550 మీటర్ల ఎత్తున కుంజుమ్ కనుమ వస్తుంది. పెంకుటింటి కప్పు నడినెత్తిన పడిన చినుకు ఇటో అటో జారిపోయినట్లు, అక్కడ ఒకవైపు కరిగిన మంచు స్పితి నదిలో పడి సట్లెజ్‌కు చేరుతుంది, రెండోవైపుది చంద్రా నదిలో పడి, తాండీ దగ్గర భాగాతో కలిసి చీనాబ్ అవుతుంది. విడిపోయిన ఆ నీళ్లు మళ్లీ కలిసేది పాకిస్తాన్‌లో, పంజ్‌నద్ దగ్గర. జీపు ఆపించి పది నిమిషాలు అక్కడ నిలబడు. నీ సరస్సు ఏ నదీ పరీవాహక ప్రాంతానిదో పటం చూడకుండానే అర్థమవుతుంది.

సరస్సు చేరగానే అందరూ దాని రంగును వర్ణిస్తారు. నువ్వు ముందు నీటి జమాఖర్చు రాయి. 2005లో రామ్‌సర్ జాబితాకు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాకెక్కిన ఆ సరస్సు విస్తీర్ణం 49 హెక్టార్లే. చుట్టుకొలత సుమారు రెండున్నర కిలోమీటర్లు, అంటే బ్యారేజీ మీద సీతానగరం దాకా నడిచి తిరిగి వచ్చినంత. మెల్లగా ఒక చుట్టు చుట్టు. బయటికి పోయే నీరు కనిపిస్తుంది కానీ, లోపలికి వచ్చి కలిసే చెప్పుకోదగ్గ వాగేదీ కనిపించదు. అయినా సరస్సు ఎండిపోదు. హిమానీనదాలు తోసుకొచ్చి వదిలిన రాళ్లగుట్టల అడుగున నీరు ఊరి వస్తుందనుకోవాలి. కనుక ఒడ్డున ఎక్కడ నేల చెమ్మగా ఉందో, బోడి నేల మధ్య ఎక్కడ పచ్చిక గుబురుగా మొలిచిందో నీ పటంలో గుర్తు పెట్టుకో. పీర్ పంజాల్ శ్రేణి నైరుతి మేఘాలను చాలావరకు అవతలే ఆపేస్తుంది కాబట్టి అక్కడ చెట్టన్నదే ఉండదు, నీటికి ఆధారం ప్రధానంగా శీతాకాలపు మంచే.

రంగు సంగతికి వస్తే, బాతల్ దగ్గర చంద్రా నది నీటిని ఒక గాజుసీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచు. తెల్లవారేసరికి అడుగున బూడిదరంగు పిండి పేరుకుని ఉంటుంది. హిమానీనదం కొండరాతిని విసిరిన పిండి అది. అంత దగ్గరలోనే ఉన్న సరస్సు నీలంగా, తేటగా ఎందుకుందో ఆ సీసా చూస్తూ నువ్వే రాసుకో. ఆ దారి వాగుల్లో పొద్దున్న చీలమండ లోతున్న నీరు మధ్యాహ్నానికి ఎండకు మంచు కరిగి మోకాళ్లు దాటవచ్చు కనుక, దాటేదేదో ఉదయమే దాటెయ్యి.

అది అభయారణ్యం. ఒడ్డున గుడారాలు వెయ్యనివ్వరు, శిబిరాలన్నీ దూరంగానే ఉంటాయి. రాయి కూడా తీసుకురావద్దు. మంచు చిరుత కనపడుతుందన్న ఆశ పెట్టుకోకు కానీ, వేసవిలో మందలు తోలుకొచ్చే గద్దీ గొర్రెల కాపరులు ఇంకా ఉంటే మాత్రం మాట్లాడు. ధర్మరాజును ఇంద్రుడు రథమెక్కించుకున్నది అక్కడేనని చెబుతారు. అర్జునుడు తపస్సు చేసిన ఇంద్రకీలాద్రి నీడన పెరిగిన దానివి, నవ్వకుండా విను.

ఇంకొక్కటి. నీళ్లు అక్కడ సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి. నా పాత థర్మామీటరు బీరువా కింది అరలో ఉంది. ఆదివారం విజయవాడ నుంచి వచ్చి, ముందు మన వంటింట్లో ఒకసారి కొలిచి పట్టుకెళ్లు.

ఇట్లు,
మీ పెదనాన్న