రేటింగ్ బానే ఉన్నా షో ఎందుకు ఆపేస్తారంటే, ఆఖర్న వచ్చే లోగోలు చూడండి

జనం చూస్తున్న షోని కూడా మధ్యలో ఎందుకు ఆపేస్తారు, ఆపేశాక మళ్ళీ వచ్చే చాన్స్ ఉంటుందా అని కదా మీరడిగింది. ఎవరూ చూడక ఆగిపోయిన షోల సంగతి వదిలేయండి, అందులో చెప్పడానికేం లేదు. చూసేవాళ్ళు ఉండి కూడా ఆగిపోయిందంటే మాత్రం నేను మొట్టమొదట చూసేది ఒక్కటే, ఆ షో ఎవరిది అని. వేసే చానెల్ ఎవరిదని కాదు, తీసిన కంపెనీ ఎవరిదని. చాలామందికి ఈ రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

నాకీ అలవాటు ఎలా వచ్చిందంటే, కొన్నేళ్ళు సబ్‌టైటిల్స్ పని చేశాను, ఇంగ్లిష్ సీరీస్‌లకి తెలుగులో రాసేదాన్ని. ఆ పనిలో మామూలుగా ఎవరూ చూడని ఎండ్ క్రెడిట్స్ కూడా చూడాలి, ఫైలు ఆఖరి ఫ్రేమ్ దాకా వెళ్ళి టైమ్‌కోడ్ సరిపోయిందో లేదో చూసుకోకపోతే చెకింగ్‌లో వెనక్కి కొట్టేవారు. పేర్లన్నీ అయిపోయాక రెండేసి సెకన్లు లోగోలు వస్తాయి చూశారా, మొదటిది రైటర్ గారి చిన్న కంపెనీ, తర్వాతది స్టూడియో, ఒక్కోసారి ఇంకోటి. ఆ స్టూడియో లోగో, షో వేసే చానెల్ ఒకే ఇంటివైతే షోకి ఆయుష్షు ఎక్కువ, వేరే వేరే అయితే ఎప్పుడూ కత్తి వేలాడుతూనే ఉంటుంది అని చూడగా చూడగా అర్థమైంది.

ఎందుకంటే అమెరికన్ నెట్‌వర్క్ టీవీలో లెక్క ఇలా ఉంటుంది. షో తీసేది స్టూడియో, చానెల్ ఎపిసోడ్‌కి ఇంత అని లైసెన్స్ ఫీజు కట్టి వేసుకుంటుంది. ఆ ఫీజు తీసిన ఖర్చుకి సరిపోదు, మిగతాది స్టూడియో నష్టం కింద భరిస్తుంది, ఓ వంద ఎపిసోడ్లు పోగయ్యాక సిండికేషన్‌కి, అంటే లోకల్ స్టేషన్లు మళ్ళీ వేసుకోడానికి అమ్మి, బయటి దేశాలకి అమ్మి, ఇప్పుడైతే స్ట్రీమింగ్‌కి అమ్మి ఆ నష్టం పూడ్చుకుని లాభం తీస్తుంది. చానెల్‌కి మిగిలేది యాడ్స్ డబ్బు. అంటే స్టూడియో బయటిదైతే షో ఎంత పెద్ద హిట్టయినా వెనకాల వచ్చే అసలు డబ్బు చానెల్‌కి రాదు. ఒకప్పుడు ఈ గొడవ ఇంతగా లేదు, 1970లో టీవీ, రేడియోల మీద అజమాయిషీ చేసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన రూల్ ప్రకారం నెట్‌వర్క్‌లు తాము వేసే షోల సిండికేషన్‌లో వాటా తీసుకోకూడదు, కాబట్టి దాదాపు అన్ని షోలూ బయటివే. 1993లో ఆ రూల్ సడలించి 1995కల్లా పూర్తిగా ఎత్తేశారు, అప్పట్నుంచి ప్రతి నెట్‌వర్కూ సొంత స్టూడియో షోలని నెత్తిన పెట్టుకుని బయటివాటిని సవతి బిడ్డల్లా చూడ్డం మొదలైంది.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ లాస్ట్ మ్యాన్ స్టాండింగ్. ఏబీసీలో ఆరు సీజన్లు ఆడింది, ఆ చానెల్ కామెడీల్లో ఎక్కువమంది చూసేవాటిలో అదొకటి, అయినా 2017లో ఆపేశారు. హీరో టిమ్ అలెన్ రాజకీయ అభిప్రాయాల వల్లే ఆపేశారని నెట్‌లో పెద్ద రచ్చ. అది కాదని నేను ఒట్టేసి చెప్పలేను గానీ లోగో చూస్తే తీసింది ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ టెలివిజన్, అంటే పోటీ చానెల్ వాళ్ళ స్టూడియో! ఏళ్ళు గడిచేకొద్దీ నటుల పారితోషికాలు, ఫీజు పెరుగుతాయి, పెరిగిన డబ్బు కట్టి పోటీవాడి ఖజానా నింపడం ఎందుకు అనుకుంటారు ఎవరైనా. తర్వాతి ఏడాది ఫాక్స్ చానెలే దాన్ని తీసుకుంది. ఇక్కడో తమాషా, 2019లో ఆ స్టూడియోని డిస్నీ కొనేసింది, ఏబీసీ కూడా డిస్నీదే, అంటే ఏబీసీ కాదన్న షో చివరికి వాళ్ళింటిదే అయిపోయి ఇంకో చానెల్‌లో 2021 దాకా ఆడింది.

బ్రూక్లిన్ నైన్-నైన్ దీనికి అద్దం. తీసింది ఎన్‌బీసీ వాళ్ళ స్టూడియో యూనివర్సల్, వేసింది ఫాక్స్. ఐదు సీజన్ల తర్వాత 2018 మే 10న ఫాక్స్ ఆపేస్తే మర్నాడే ఎన్‌బీసీ తీసుకుంది. ఫ్యాన్స్ ట్విట్టర్‌లో గోల చేసి బతికించారని అందరూ రాశారు, గోల చేసింది నిజమే, కానీ షో సొంతింటికి పోయింది, అదీ అసలు సంగతి. ఎన్‌బీసీకి ఎన్ని ఎక్కువ ఎపిసోడ్లుంటే అమ్ముకోవడానికి అంత సరుకు.

సొంతం సంగతి అయ్యాక రెండోది, ఎంతమంది చూస్తున్నారన్నది కాక ఎవరు చూస్తున్నారన్నది. 1971లో సీబీఎస్ చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. బెవర్లీ హిల్‌బిల్లీస్, గ్రీన్ ఏకర్స్, మేబెర్రీ ఆర్.ఎఫ్.డి., హీ హా, ఇలా పల్లెటూరి వాసనున్న షోలన్నిటినీ ఒక్క ఊపున తీసి పారేశారు, వాటిలో మేబెర్రీ, హీ హా రెండూ టాప్ 20లో ఉండగానే. కారణం, చూసేవాళ్ళు పెద్ద వయసు వాళ్ళు, పల్లెల వాళ్ళు, యాడ్స్ ఇచ్చే కంపెనీలకేమో పట్నంలో ఉండే కుర్రకారు కావాలి. హీ హా వాళ్ళు మాత్రం ఊరుకోలేదు, నేరుగా లోకల్ స్టేషన్లకి అమ్ముకుని ఇంకో ఇరవయ్యేళ్ళు నడిపారు, నాకు ఆ మొండితనం భలే ఇష్టం.

దీని ఇంకో వింత రూపం పిల్లల కార్టూన్లలో ఉంటుంది, అక్కడ బొమ్మలు అమ్ముడుపోవాలి. యంగ్ జస్టిస్ 2013లో ఆగిపోయింది, దాని వెనక ఉన్న డబ్బులో పెద్ద భాగం మాటెల్ అనే బొమ్మల కంపెనీతో ఒప్పందం మీద ఆధారపడిందని, బొమ్మలు అనుకున్నట్టు పోక ఆ డబ్బు ఆగిపోయిందని దాని నిర్మాత గ్రెగ్ వైస్‌మన్ తర్వాత చెప్పాడు. కథ బాగుంది, ఫ్యాన్స్ ఉన్నారు, కానీ ఆ ఫ్యాన్స్ బొమ్మలు కొనే వయసు వాళ్ళు కాదు. 2019లో స్ట్రీమింగ్‌లో మళ్ళీ వచ్చిందనుకోండి.

ఇంక టైమ్ స్లాట్ రాజకీయం, పొమ్మనలేక పొగబెట్టడం అంటారే అది. స్టార్ ట్రెక్ మూడో సీజన్‌ని 1968లో శుక్రవారం రాత్రి 10 గంటలకి తోశారు, చూసే కుర్రాళ్ళంతా ఆ టైముకి బయట ఉంటారు, 79 ఎపిసోడ్లతో అయిపోయింది. ఫైర్‌ఫ్లైని 2002లో శుక్రవారమే వేసి, అదీ వరస తప్పించి వేసి, కథ మొదలయ్యే పైలట్ ఎపిసోడ్‌ని డిసెంబర్‌లో ఆఖర్న వేశారు, తీసినవి 14 అయితే అప్పట్లో వేసినవి 11. ఇలా చేసి రేటింగ్ రాలేదనడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ నన్నడిగితే అన్నిటికన్నా అన్యాయం సౌత్‌ల్యాండ్‌ది. 2009లో ఎన్‌బీసీ వాళ్ళు జే లెనో టాక్ షోని వారానికి ఐదు రోజులూ రాత్రి 10 గంటల స్లాట్‌లో పెట్టారు, డ్రామా తీయడం కన్నా అది బాగా చవక. దాంతో 10 గంటలకి వేయాల్సిన డ్రామాలకి చోటు లేకుండా పోయింది, సౌత్‌ల్యాండ్ పోలీసు కథ కదా, 9 గంటలకి వేయడానికి మరీ ముదురుగా ఉందని, రెండో సీజన్ ఓకే చేసి ఎపిసోడ్లు తీయించాక కూడా ఒక్కటీ వేయకుండానే ఆపేశారు. టీఎన్‌టీ అనే కేబుల్ చానెల్ కొనుక్కుని 2013 దాకా నడిపింది. ఆ లెనో షో మటుకు 2010 ఫిబ్రవరికల్లా మూతబడింది, దాని తర్వాత వచ్చే లోకల్ న్యూస్ చూసేవాళ్ళు తగ్గిపోతున్నారని స్టేషన్ల వాళ్ళు తిరగబడ్డారు.

కంపెనీలు అమ్ముడుపోవడం, కలిసిపోవడం ఉంది చూశారూ, దాని దెబ్బ నేను దగ్గర్నించి చూశాను. ఒక సీరీస్ రెండో సీజన్‌కి సబ్‌టైటిల్స్ రాస్తున్నా. మాకు అందరికీ కలిపి ఒక షీట్ ఉండేది, ఎపిసోడ్ పక్కన గడి పచ్చగా ఉంటే పని నడుస్తున్నట్టు. ఒక పొద్దున తెరిచి చూస్తే మిగిలిన గడులన్నీ బూడిద రంగులోకి మారి "హోల్డ్" అని ఉంది, ఎవరూ ఏం చెప్పలేదు, ఫోన్ చేస్తే మాకూ తెలీదు అన్నారు. కొన్ని వారాల తర్వాత పేపర్లో చూసి తెలుసుకున్నా, ఆ ప్లాట్‌ఫామ్ యజమాని ఇంకో కంపెనీతో కలిసిందని, కొత్త మేనేజ్‌మెంట్ ఖర్చులు కోస్తోందని. ఆఖరి ఎపిసోడ్ నేను అప్పటికే రాసేశాను, తెర మధ్యలో వాటర్‌మార్కు, పైన టైమ్‌కోడ్ పరిగెడుతూ ఉండే మసక కాపీ మీద. హంతకుడెవరో నాకు తెలుసు, తీసినవాళ్ళకి తెలుసు, చూస్తున్న జనానికి మాత్రం తెలీదు, ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి ఇప్పటికీ చెప్పలేను! ఆ సీజన్‌కి నాకు రావాల్సిన డబ్బులు కూడా సగమే వచ్చాయి, అది వేరే ఏడుపు.

పెద్ద స్థాయిలో ఇదే 2022లో జరిగింది. వార్నర్‌మీడియా, డిస్కవరీ ఏప్రిల్‌లో కలిశాయి, ఆగస్టులో బ్యాట్‌గర్ల్ సినిమాని సుమారు 90 మిలియన్ డాలర్లు పెట్టి తీశాక విడుదలే చేయకుండా పక్కన పడేశారు, నష్టం కింద చూపిస్తే పన్నులో కలిసొస్తుందని. మింక్స్ అనే సీరీస్‌నైతే రెండో సీజన్ షూటింగ్ ఆఖరి దశలో ఉండగా డిసెంబర్‌లో ఆపేశారు, తీసింది బయటి స్టూడియో లయన్స్‌గేట్ కావడంతో స్టార్జ్ అనే చానెల్‌కి ఇచ్చి 2023లో వేయగలిగారు. చూడండి, ఇక్కడ బయటి స్టూడియో అవడమే కలిసొచ్చింది. సొంత స్టూడియో షోని సొంతవాళ్ళే నష్టాల ఖాతాలో రాసేస్తే దానికి ఇంక దిక్కు లేదు, సైట్ నుంచి కూడా తీసేస్తారు, డీవీడీ కూడా ఉండదు.

నెట్‌ఫ్లిక్స్‌లో డేర్‌డెవిల్, ల్యూక్ కేజ్ వగైరా 2018లో వరసగా ఆగిపోవడం కూడా లోగో కథే, అవి తీసింది మార్వెల్, అంటే డిస్నీ, ఆ డిస్నీ మరుసటి ఏడాది సొంత స్ట్రీమింగ్ పెట్టింది. పోటీకి దిగుతున్నవాడి హీరోలని పెంచి పోషించడం నెట్‌ఫ్లిక్స్‌కి మాత్రం ఏం అవసరం?

కొన్నిసార్లు ఆపింది డబ్బు వల్లా, రాజకీయం వల్లా అన్నది బయటివాళ్ళం తేల్చలేం. స్టీఫెన్ కోల్బేర్ నడిపే రాత్రి టాక్ షో, లేట్ షోని 2026 మేతో ఆపేస్తున్నామని సీబీఎస్ 2025 జులైలో చెప్పింది, పూర్తిగా ఆర్థిక నిర్ణయమే అంది. కానీ మాతృసంస్థ పారామౌంట్ అప్పుడే ట్రంప్‌తో 16 మిలియన్ డాలర్లకి కేసు రాజీ చేసుకుంది, దాన్ని కోల్బేర్ తన షోలోనే ఎద్దేవా చేశాడు, స్కైడాన్స్ అనే కంపెనీతో విలీనానికి ప్రభుత్వ అనుమతి రావాల్సి ఉంది, ఆ ప్రకటన వచ్చిన వారానికి అనుమతి వచ్చింది. లేట్ నైట్ షోల యాడ్స్ ఏళ్ళ తరబడి పడిపోతున్న మాటా నిజమే. రెండూ కలిసొచ్చాయనే నా ఉద్దేశం, నష్టాల్లో ఉన్న షోని ఆపడానికి మంచి రోజు చూసుకున్నారు, అంతే.

ఇంక మీ రెండో ప్రశ్న, మళ్ళీ వస్తుందా అని. మీ షో ఆఖరి లోగో చూడండి, చానెల్ వాళ్ళదే అయితే ఆశ తక్కువ, బయటి స్టూడియో అయితే ఇంకో చోట అమ్మే ప్రయత్నం చేస్తూనే ఉంటారు. తర్వాత క్యాలెండర్ చూడండి, అమెరికన్ నెట్‌వర్క్ షోల్లో నటుల ఒప్పందాలు మామూలుగా జూన్ 30తో తీరిపోతాయి, ఆ తేదీ దాటితే అందరూ తలో దిక్కు పోతారు, సెట్లు విప్పేస్తారు, మళ్ళీ ఒక్కొక్కరితో బేరం మొదటికొస్తుంది, ఖర్చు పెరుగుతుంది. అయినా మానిఫెస్ట్ అనే షో మళ్ళీ వచ్చింది, 2021 జూన్‌లో ఎన్‌బీసీ ఆపేసిన రోజుల్లోనే పాత సీజన్లు నెట్‌ఫ్లిక్స్‌లో ఎక్కి టాప్‌లో కూచున్నాయి, తీసింది వార్నర్ కాబట్టి అమ్మడానికి అడ్డు లేదు, గడువు తీరిన నటులతో మళ్ళీ మాట్లాడుకుని ఆగస్టు ఆఖర్లో 20 ఎపిసోడ్ల నాలుగో సీజన్ ప్రకటించారు. కాబట్టి పిటిషన్ల మీద సంతకాలు పెట్టేకన్నా పాత సీజన్లు ఎక్కడ ఉంటే అక్కడ మొదటి ఎపిసోడ్ నుంచి ఆఖరిదాకా చూసేయండి, మీవాళ్ళ చేత చూపించండి, కొనాలనుకునేవాడు చూసుకునే లెక్క అదే.