చిన్నీ, ఆ ప్లగ్గు ఓసారి ముట్టుకుని చూడు

చిరంజీవి చిన్నీకి ఆశీస్సులు.

నీ జీతంతో 2000 వాట్ల హీటరు కొనుక్కున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. మరి ఏ సాకెట్టులో పెడుతోందని అడిగితే అమ్మకి తెలియదంది. అప్పట్నుంచీ మనసు అక్కడే ఉంది.

2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. ఫోను ఛార్జరు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు. పెద్ద పిన్నులు పట్టే 16 ఆంపియర్ల పవర్ సాకెట్టే కావాలి. పిన్ను పట్టలేదని కన్వర్టర్ ప్లగ్గు తగిలించావంటే ఊరుకోను. పట్టకుండా చేసిందే నిన్ను ఆపడానికమ్మా.

ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలొద్దు. హీటరు మంచం దగ్గరికి రావాలని అందరూ చేసే తప్పు ఇదే. మామూలు బోర్డు వైరు సన్నం. దాన్ని చుట్ట చుట్టి మంచం కిందకి తోస్తే వేడి బయటికి పోదు, పైతొడుగు మెత్తబడుతుంది. కావాలంటే మంచమే సాకెట్టు వైపు జరుపుకో.

వైరు కన్నా నాకు భయం సాకెట్టు లోపలి లూజు కాంటాక్టు. పిన్నుని పట్టుకునే ఇత్తడి రేకులు వాడగా వాడగా సాగిపోతాయి. అక్కడ 0.2 ఓమ్‌ల నిరోధం చేరినా చాలు, 8.7 ఆంపియర్లకి 15 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసినట్టే. ఆ వేడికి రేకు నల్లబడి ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. మీటరు బోర్డులో కరెంటుని దానంతటదే ఆపేసే స్విచ్, అదే ఎంసీబీ, పడిపోతుందిలే అనుకోకు. అది కరెంటు ఎక్కువైతేనే పడుతుంది. లూజు కాంటాక్టులో కరెంటు పెరగదు, రవ్వంత తగ్గుతుంది కూడా. షాకు కొట్టకుండా కాపాడే స్విచ్ ఆర్‌సీసీబీ చూసేది కరెంటు లీకేజీని, దానికీ ఇది పట్టదు.

కనిపెట్టాల్సింది నీ చెయ్యే. హీటరు వేసిన అరగంటకి ప్లగ్గు వెనక భాగం ముట్టుకో. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఆనించి ఉంచలేకపోయినా, సాకెట్టు చుట్టూ గోధుమరంగు మరక కనిపించినా, చేపల నీచులాంటి వాసనొచ్చినా, ప్లగ్గు దానంతటదే కిందకి వేలాడుతున్నా ఇక వాడకు. ఎలక్ట్రీషియన్ని పిలిచి సాకెట్టు, ప్లగ్గు రెండూ మార్పించు. కాలిన ప్లగ్గు కొత్త సాకెట్టునీ పాడుచేస్తుంది.

అదే లైనులో ఇస్త్రీపెట్టె వెయ్యకు. ఎర్తు పిన్ను విరిచెయ్యకు. దుప్పట్లు, కర్టెన్లు మీటరు దూరంలో ఉండాలి. హీటరు మీద బట్టలు ఆరెయ్యకు. పడుకునే ముందు గది వెచ్చబెట్టుకుని ఆపెయ్. అది వెలుగుతుండగా నువ్వు నిద్రపోవడం మాత్రం నాకు వద్దమ్మా.

చిన్నప్పుడు వైరు పట్టి ప్లగ్గు పీకేదానివి, ఎన్ని తిట్లు తిన్నా. ఆ అలవాటు ఇంకా ఉంటే మానెయ్. ముందు స్విచ్ ఆపు, తర్వాత ప్లగ్గు పట్టుకుని లాగు.

ఈ రాత్రి అరగంటయ్యాక ప్లగ్గు ఎలా ఉందో ఫోను చేసి చెప్పు. మేలుకునే ఉంటాను.

పెదనాన్న