బ్రేక్ ప్యాడ్లు ఎప్పుడు మార్చాలి? లోపలి ప్యాడ్ మందం చూడకుండా తేల్చకండి

మీరు అడిగింది ఇదీ: 38,000 కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సర్వీసుకిస్తే ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నారు, బ్రేకు బాగానే పడుతోంది, శబ్దమేమీ లేదు. వచ్చే నెల అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఎక్కించుకుని తిరుమల వెళ్లాలి. ఇప్పుడే మార్పించాలా, వచ్చాక చూసుకోవచ్చా అని.

సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి "నాలుగు ప్యాడ్ల మందం ఎంతెంత ఉంది?" అని అడగండి. ముందు ఒక్కో చక్రానికి లోపలొకటి, బయటొకటి, మొత్తం నాలుగు. నాలుగింటిలో ఏ ఒక్కటి 3 మిల్లీమీటర్లకు దిగినా ఇంక ఆలోచించొద్దు, మార్పించేయండి. 4 దగ్గర ఉంటే ఊళ్లో తిరగడానికి ఇంకొన్నాళ్లు వస్తాయి గానీ, మీరు ఘాట్ దిగాలి కాబట్టి మార్పించుకునే వెళ్లమంటాను. 6, 7 ఉంటే నిశ్చింతగా వెళ్లి రండి, అప్పుడు వాళ్లు ఎందుకు మార్చమన్నారో గట్టిగా అడగండి. మందం అంటే లైనింగ్ ఒక్కదాని మందం, అంటే చక్రంతో తిరిగే డిస్కుకి రాసుకుని అరిగే పొరది. వెనకున్న ఇనప ప్లేటు కలపకూడదు. ఆ ప్లేటే దాదాపు 5 మిల్లీమీటర్లు ఉంటుంది, కలిపి కొలిస్తే అరిగిపోయిన ప్యాడ్ కూడా బాగున్నట్టే లెక్కకొస్తుంది. కొత్త ప్యాడ్‌కి లైనింగ్ సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది.

కిలోమీటర్లను బట్టి నిర్ణయించడం నాకు ఎప్పుడూ కుదరలేదు. రాజమండ్రిలో ఉన్నప్పుడు నా తిరుగుడంతా హైవే మీదే, మొదటి సెట్టు 50 వేలు దాటింది. హైదరాబాద్ వచ్చాక అదే కారుకి, అదే కంపెనీ ప్యాడ్లు 30 వేలకే అయిపోయాయి. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చేవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. మా బావమరిదిది ఆటోమేటిక్, ఆయనవి ఇంకా ముందే అరిగాయి. యాక్సిలరేటర్ వదిలితే మాన్యువల్ కారుని గేరు పట్టి ఆపినట్టుగా చాలా ఆటోమేటిక్‌లు ఆపవు, ఆ పనంతా బ్రేకు మీద పడుతుంది.

శబ్దం లేదు కదా అన్న ధైర్యం మాత్రం పెట్టుకోకండి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనప రేకు ఉంటుంది. లైనింగ్ 2, 3 మిల్లీమీటర్లకు దిగాక ఆ రేకు డిస్కుకి తగిలి కీచుమంటుంది. అంటే కూత వినబడే సరికే గడువు దగ్గరపడినట్టు. పైగా ఆ రేకు చాలా కార్లలో జతలో ఒక్క ప్యాడ్‌కే ఉంటుంది, రెండోది ముందు అరిగితే కూతే రాదు. చవక ప్యాడ్లు కొన్నింటికి అసలు రేకే ఉండదు. ఇంకోపక్క, వాన పడ్డాక పొద్దున్నే బండి తీస్తే వచ్చే గరగర డిస్కు మీద పట్టిన తుప్పుది, రెండు మూడు బ్రేకులకు పోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. పోకుండా బ్రేకు తొక్కినప్పుడల్లా ఇనుము మీద ఇనుము గీకినట్టు వస్తుంటే మాత్రం లైనింగ్ అయిపోయిందని అర్థం. బండి అక్కడే ఆపి మెకానిక్‌ని పిలిపించుకోండి.

అల్లాయ్ వీల్ సందుల్లోంచి టార్చ్ వేసి చూస్తే ప్యాడ్ కనబడుతుంది, నిజమే. కనబడేది బయటి ప్యాడ్. దాని మీద నమ్మకం పెట్టుకోవద్దని నాకు ఖాయంగా తెలిసింది మా వదిన కారు దగ్గర. బోయిన్‌పల్లిలో మేం వెళ్లే షెడ్డులో వేరే పని మీద ఎడమ చక్రం విప్పారు. బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది, లైనింగ్ అరిగేకొద్దీ మాయమయ్యే నిలువు గాడి మధ్యలో స్పష్టంగా కనబడుతోంది. క్యాలిపర్ (రెండు ప్యాడ్లనూ డిస్కుకి నొక్కే భాగం) ఎత్తి లోపలి ప్యాడ్ తీస్తే దాని మీద గాడి లేనే లేదు. లైనింగ్ ఒక చివర గోరు మందాన, ఇంకో చివర ప్లేటు తేలడానికి సిద్ధంగా ఉంది. క్యాలిపర్ అటూ ఇటూ జరిగేది పిన్నుల మీదే, మెకానిక్ ఆ పిన్ను పట్టి లాగితే కదల్లేదు. రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు చేరాయి, గ్రీజు ఎండి తుప్పుతో కలిసి గట్టిపడిపోయింది. పిన్ను జరగకపోతే క్యాలిపర్ బయటి ప్యాడ్‌ని సరిగ్గా నొక్కలేదు, బరువంతా లోపలి ప్యాడే మోస్తుంది. అక్కడ కొత్త ప్యాడ్లు వేసి పంపించేసినా అదే కథ మళ్లీ నడిచేది. ఆయన పిన్నులు తీసి శుభ్రం చేసి, రబ్బర్లు మార్చి, సిలికాన్ గ్రీజు పట్టించి అప్పుడు వేశారు. మీరు కూడా ప్యాడ్లు మార్పించేటప్పుడు పిన్నులు చేత్తో జరుగుతున్నాయో లేదో దగ్గరుండి చూడండి. చాలా చోట్ల హడావుడిలో వదిలేసేది ఈ పనినే.

బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా ఒకసారి చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్‌లో వాటిని నెట్టే పిస్టన్ బయటికి వస్తుంది, ఆయిల్ మట్టం మెల్లగా దిగుతుంది. మట్టం తగ్గింది కదా అని పైకి పోయించేస్తే ఆ గుర్తు పోతుంది, పైగా కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్ లోపలికి నొక్కినప్పుడు ఆయిల్ పొంగి పెయింట్ పాడుచేస్తుంది. ముందు ప్యాడ్లు చూపించండి. ప్యాడ్లు బాగుండి కూడా మట్టం దిగుతుంటే ఎక్కడో లీకు ఉంది, అది ఇంకా తొందరగా చూపించాల్సిన సంగతి.

ఇక ఘాట్. కారుతో తిరుమల నుంచి దిగేది పాత ఘాట్ రోడ్డులో, వరసగా మలుపులు, అంతా దిగుడే. నిండు బండిని అంతసేపు బ్రేకు మీదే దింపితే డిస్కులు బాగా వేడెక్కుతాయి. లైనింగ్ మందంగా ఉంటే ఆ వేడిని కొంత ఆపుతుంది, పల్చబడ్డ ప్యాడ్ నేరుగా పిస్టన్‌కి, దాని వెనకున్న ఆయిల్‌కి దాటిస్తుంది. బ్రేక్ ఆయిల్‌కి గాల్లో తేమ పీల్చే గుణం ఉంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బ్రేకు పడదు. అరిగిన ప్యాడ్లు, పాత ఆయిల్ రెండూ కలిసిన బండితో పెద్దవాళ్లని, పిల్లల్ని పెట్టుకుని ఘాట్ దిగడం నాకు ఏమాత్రం ఇష్టం లేని పని. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే అదీ మార్పించండి. దిగేటప్పుడు సెకండ్ గేరులో దిగండి, వాలు మరీ ఎక్కువైతే ఫస్ట్. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి వదలండి.

ఒక పక్కదే అరిగిందని ఆ పక్క ఒక్కటే మార్చొద్దు, ముందు రెండు చక్రాలకూ కలిపే వేయాలి, లేదంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగొచ్చు. డిస్కు మీద గోరు పెట్టి లాగండి, లోతైన గాళ్లు తగిలినా, అంచున మెట్టు కట్టినా దాని మందం కొలవమనండి. కనీసం ఎంత ఉండాలో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుందంటే తప్పు ఎక్కువగా డిస్కుదే, ప్యాడ్లు మార్చినంత మాత్రాన పోదు. వెనక చక్రాలకు డిస్కులు కాక డ్రమ్ములైతే విప్పి దుమ్ము తీయించి, లోపల ప్యాడ్ల పని చేసే షూలు కూడా చూడమనండి.

మార్చిన వెంటనే బండి కదిలించే ముందు, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. పిస్టన్ వెనక్కి నొక్కి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుడుకి పెడల్ నేలకి దిగిపోతుంది. మెకానిక్ తొక్కానన్నా మీరూ ఒకసారి తొక్కి చూసుకోండి. తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు ప్యాడ్లు డిస్కుకి సర్దుకోవాలి, ఆ లోపు హఠాత్తు బ్రేకులు వీలైనంత తగ్గించండి. అందుకే ప్రయాణం ముందురోజు దాకా ఆగకుండా ఈ వారంలోనే మార్పించండి. విప్పిన పాత ప్యాడ్లు నాలుగూ మీ చేతికి ఇవ్వమనండి. లోపలివి, బయటివి పక్కపక్కన పెట్టి చూస్తే మీ పిన్నుల సంగతి మీకే తెలుస్తుంది. మందం ఎంతెంత చెప్పారో, మీది మాన్యువలో ఆటోమేటికో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.