ఆఫ్రికాకి మన ఆటో వెళ్తుందా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది గాజువాక ఆటోనగర్లో ఆటోలకి సీఎన్‌జీ కిట్లు వేసే షెడ్డు, బాడీ వర్కు కూడా చేస్తాం. మా పెద్దమ్మ కొడుకు టాంజానియా దారెస్సలాంలో ఉంటాడు. గ్యాసువో బ్యాటరీవో ఆటోలు అక్కడే తయారయ్యేలా డెవలప్ చేద్దాం, పార్టనర్లని వెతుకు, ఆఫ్రికా మొత్తం మార్కెట్ మనదే అంటున్నాడు. ఎవర్ని పట్టుకోవాలి సార్?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: బాబూ, ముందు ఆ "ఆఫ్రికా మొత్తం" అన్నది కొట్టేయండి. అవి 54 దేశాలు, ఎక్కడ ఏ ఇంధనం దొరికితే అక్కడ ఆ బండే నడుస్తుంది. టాంజానియాకి సొంత గ్యాసుంది, సోంగో సోంగో దీవి దగ్గర 2004 నుంచి తీస్తున్నారు, పైగా మనలాగే ఎడమవైపు డ్రైవింగు, కాబట్టి మీ చేతిలో ఉన్న పని అక్కడ పనికొస్తుంది. పక్కనున్న కెన్యాలో కరెంటు చాలావరకు భూమిలోపలి వేడి నుంచి, నీళ్ళ నుంచి వస్తుంది, అక్కడ బ్యాటరీ బండి వైపు చూడాలి. ఇథియోపియా అయితే 2024లో పెట్రోలు డీజిలు కార్ల దిగుమతే ఆపేసింది.

ఇక అక్కడే తయారీ అంటే పార్టులు డబ్బాల్లో పంపి బోల్టులు బిగించడం ఒక్కటే కాదు. మొదలు అలాగే పెట్టినా ఛాసిస్ వెల్డింగు, టాపు, సీట్లు, వైరింగు మెల్లగా అక్కడి కుర్రాళ్ళ చేతికి ఇచ్చేయొచ్చు. టాంజానియా, కెన్యా, ఉగాండాల మధ్య 2005 నుంచి కస్టమ్స్ యూనియన్ ఉంది, రూల్సు ప్రకారం సరిపడా పని అక్కడ జరిగిన బండి పక్క దేశాలకి సుంకం లేకుండా పోతుంది, అసలు లాభం ఇదే, మీ అన్నయ్య ఈ ముక్క చెప్పినట్టు లేదు. సిలిండరు, వాల్వు, రెగ్యులేటరు మాత్రం సర్టిఫికెట్ ఉన్నవే వాడాలి, అందులో గ్యాసు 200 బార్ల ప్రెషర్లో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లలో ఉంటుంది, అక్కడ అతుకుల పని చేస్తే ప్రాణాలే పోతాయి. మన దగ్గర మూడేళ్ళకోసారి సిలిండరుకి హైడ్రో టెస్టు (నీళ్ళు నింపి ప్రెషరు పెట్టి చూడటం) చేయిస్తాం కదా, అక్కడ అది ఎవరు చేస్తారు, గ్యాసు బంకు ఆటోస్టాండుకి ఎంత దూరం, ఈ రెండూ తేలకుండా ఒక్క రూపాయి కూడా కదపొద్దు.

పార్టనరు అంటే డబ్బు పెట్టేవాడే అనుకోకండి, నా లెక్కలో గ్యారేజీ ఉన్నవాడు ముందు. మీ అన్నయ్యని మంత్రుల ఆఫీసుల చుట్టూ కాదు, దారెస్సలాం ఆటో మెకానిక్కుల దగ్గర కొన్నాళ్ళు కూర్చోమనండి, ఏ పార్టు ఎన్నాళ్ళకి పోతోందో వాళ్ళే చెప్తారు. తర్వాత అక్కడి ఇంజినీరింగ్ కాలేజీ ఒకటి. ఉగాండాలో మకెరెరే యూనివర్సిటీ వాళ్ళు 2011లో సొంతంగా కరెంటు కారు చేసి చూపించారు, ఆ పనే తర్వాత కీరా మోటార్స్ అనే ప్రభుత్వ కంపెనీ అయి కరెంటు బస్సుల దాకా వచ్చింది. మన వైపు డ్రాయింగుల పనికి ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఇంజినీరింగ్ వాళ్ళని అడగండి.

ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్) నంబరు కావాలి, కేంద్రం విదేశీ వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్లో తీసుకోవచ్చు. డబ్బు ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీదే. "గవర్నమెంటు ఆర్డరుంది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.

ప్రశ్న: పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్ వస్తోంది కదా, హైడ్రోజన్ ఆటోలే పంపితే?
- మరో పాఠకుడు, అనకాపల్లి

జవాబు: హైడ్రోజన్ బళ్ళలో ప్రెషరు 350 బార్లు, కార్లలో 700 దాకా. సీఎన్‌జీ 200 బార్లకే టెస్టింగు ఎక్కడో వెతుక్కుంటున్నాం సార్, ఇప్పుడే వద్దు.