ఇరాన్ పల్లెటూరి చిరునామాలో రెండు "జిల్లాలు" ఎందుకుంటాయి? నలభై మంది ఊరికి ఇంత హంగామా ఏంటి?

మీరు అడిగింది ఇదీ: పర్షియన్ మాట్లాడే ఓ చిన్న పల్లె గురించి చదివారు, దాని చిరునామాలో ఒక రూరల్ డిస్ట్రిక్ట్, మళ్లీ ఒక సెంట్రల్ డిస్ట్రిక్ట్, ఆపైన కౌంటీ, ఆపైన ప్రావిన్స్ ఉన్నాయి. 2006 లెక్కల ప్రకారం 11 కుటుంబాలు, 40 మంది. ఇంత చిన్న ఊరికి రెండు జిల్లాలేంటి, అసలు ఇప్పుడు ఆ ఊరు ఉందా అని.

ఉద్యోగం పేరుతో రెండేళ్లు కెర్మాన్ వైపు ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మొదట ఆ "డిస్ట్రిక్ట్" అనే మాట పక్కన పెట్టేయండి, తికమకంతా దాంతోనే. అది ఇంగ్లీషులో రాసినవాళ్లు పెట్టిన పేరు, మన జిల్లాతో దానికి సంబంధం లేదు. అక్కడ వరస ఇలా ఉంటుంది: పైన ఒస్తాన్ (మొత్తం 31 ఉన్నాయి, మన రాష్ట్రం లాంటివి అనుకోండి, కానీ అసెంబ్లీ ఉండదు), దాని కింద షహ్రెస్తాన్ (మీరు చూసిన కౌంటీ ఇదే), దాని కింద బఖ్ష్, దాని కింద దెహెస్తాన్, చివర రూస్తా అంటే ఊరు. మీరు చూసిన రూరల్ డిస్ట్రిక్ట్ దెహెస్తాన్. కొన్ని ఊళ్ల గుంపు, అంతే. 1983 నాటి చట్టం ప్రకారం జనసాంద్రత తక్కువున్న చోట 4,000 మంది ఉంటే ఒక దెహెస్తాన్ చేయొచ్చు, అంటే మన మండలం కంటే చాలా చిన్నది. ఇక సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనేది ఒక ప్రాంతం పేరే కాదు, షహ్రెస్తాన్ ముఖ్యపట్నం ఉన్న బఖ్ష్‌ని "బఖ్షె మర్కజీ" అంటారు, ప్రతి షహ్రెస్తాన్‌లోనూ ఒకటి ఉంటుంది.

అధికారుల పేర్లు వింటే మనకి కొత్తగా అనిపించదు. ఒస్తాన్‌కి ఒస్తాన్‌దార్, షహ్రెస్తాన్‌కి ఫర్మాన్‌దార్, బఖ్ష్‌కి బఖ్ష్‌దార్. మన తహసీల్దార్‌లోని "దార్" ఇదే. ఊళ్లో మాత్రం జనం ఎన్నుకున్న కౌన్సిల్ ఉంటుంది (ఈ ఎన్నికలు మొదటిసారి 1999లో జరిగాయి), ఆ కౌన్సిల్ ఊరి పనులు చూసే ఒక దెహ్‌యార్‌ని ఎంచుకుంటే బఖ్ష్‌దార్ ఉత్తర్వు ఇస్తాడు. పాత రోజుల్లో కద్‌ఖుదా అనే ఊరి పెద్ద ఉండేవాడట, ముసలివాళ్లు ఇప్పటికీ ఆ మాటే వాడుతుంటే విన్నాను.

ఇన్ని అంతస్తులు ఎందుకని నేనూ విసుక్కున్నవాణ్ణే, ఒకసారి దెబ్బ తినేదాకా. మే నెలలో షిరాజ్ వెళ్లి, అక్కణ్ణుంచి మైమంద్ చూడాలనుకున్నాను. కొండరాయిలో తొలిచిన ఇళ్లున్న ఊరు, 2015లో యునెస్కో జాబితాలో చేరింది. టికెట్ కౌంటర్లో "మైమంద్" అన్నాను, ఆయన టికెట్ ఇచ్చాడు, దిగి చూస్తే ఎక్కడ చూసినా గులాబీ అత్తరు, పన్నీరు సీసాలే గానీ గుహ ఒక్కటీ లేదు! నేను వెళ్లింది ఫార్స్ ఒస్తాన్‌లో ఫిరూజాబాద్ షహ్రెస్తాన్ మైమంద్, నాకు కావలసింది కెర్మాన్ ఒస్తాన్‌లో షహరె బాబక్ షహ్రెస్తాన్ మైమంద్. మధ్యలో రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైనే. షిరాజ్‌లో నిలబడి మైమంద్ అంటే ఎవరైనా దగ్గరున్నదానికే టికెట్ ఇస్తారు, తప్పు నాదే. మనకి కొత్తపల్లులూ రామాపురాలూ ఎన్ని ఉన్నాయో వాళ్లకి హుస్సేనాబాద్‌లూ అలీయాబాద్‌లూ అన్ని ఉన్నాయి. పైగా పర్షియన్ రాతలో పొట్టి అచ్చులు రాయరు, కాబట్టి ఒకే ఊరికి ఇంగ్లీషులో నాలుగు స్పెల్లింగులు కనిపిస్తాయి. దెహెస్తాన్ పేరు చూసుకోకపోతే మీరు చదివింది ఏ ఊరి గురించో చెప్పలేరు.

ఇక జనాభా. వారం తర్వాత అసలు మైమంద్‌కి వెళ్తే సగం ఇళ్లకి తాళాలు, నలుగురైదుగురు ముసలివాళ్లు తప్ప మనుషుల్లేరు. ఆ రోజు తలలు లెక్కపెట్టుంటే ఊరు పాడుబడిందనే రాసేవాణ్ణి. విషయం ఏంటంటే అక్కడివాళ్లు చలికాలం గుహల్లో ఉండి, వసంతం రాగానే మందలతో కొండ మీది విడిదులకి పోతారు, ఎండాకాలం తోటల దగ్గర ఉంటారు. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది: నౌరోజ్ (వాళ్ల కొత్త సంవత్సరం) పండక్కి కిటకిటలాడే పల్లెలు జనగణనలో చూస్తే పదిళ్లే, ఎందుకంటే లెక్క తీసేది శరత్కాలంలో, మామూలుగా ఎక్కడ కాపురముంటే అక్కడ రాస్తారు, పట్నంలో స్థిరపడ్డవాడు పట్నం లెక్కలోకే పోతాడు. 2016 నాటికి దేశంలో పల్లెజనం నాలుగోవంతే మిగిలారు, కాబట్టి మీ 40 మందిలో కొందరు ఈపాటికి దగ్గర్లోని పట్నం చేరుంటే ఆశ్చర్యం లేదు.

పర్షియన్ జనగణన పట్టికలు తెరిస్తే 1385 అని కనిపిస్తుంది, టెన్షన్ పడకండి, అది వాళ్ల కేలెండర్ లెక్క, మనకి 2006. 1390 అంటే 2011, 1395 అంటే 2016. మీ ఊరి పేరు మూడింటిలోనూ వెతకండి. కాపురాలు మరీ తక్కువైన చోట మనుషుల అంకె వేయరు, పేరు మాత్రం ఉంచుతారు. అసలు ఎవరూ లేని ఊళ్లు కూడా జాబితాలో ఉంటాయి. మన రెవెన్యూ రికార్డుల్లో అలాంటివాటిని బేచిరాగ్ గ్రామాలంటాం కదా, దీపం లేనిదని అర్థం, ఆ మాట మనకి వాళ్ల భాష నుంచే వచ్చింది.